ఎలుకకు మాట నేర్పిన వడ్రంగి కొడుకు

మా రూమ్‌లో ఆరుగురం ఉంటాం. జగిత్యాల వాళ్లం ఇద్దరం, నిర్మల్ అన్న ఒకాయన, కడప జిల్లా తమ్ముళ్లు ఇద్దరు, పాలకొల్లు నుంచి ఒకతను. దోహాలో శుక్రవారం వచ్చిందంటే బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్లు, మటన్ కూర, ఆ తర్వాత అందరం కలిసి ఒక సినిమా. అట్లా ఒక శుక్రవారం ‘ముఫాసా’ పెట్టాం. 2024 డిసెంబరులో విడుదలైన సినిమా అది. తెలుగులో సింహానికి మహేశ్ బాబు గొంతు ఇచ్చాడని పెట్టాం తప్ప, అది మన వయసు వాళ్ల సినిమా అనుకోలేదు.

చిన్నపిల్లల బొమ్మలు మనకెందుకని నిర్మల్ అన్న మొదట నవ్వాడు. సింహం పిల్ల వరదలో కొట్టుకుపోయి అమ్మానాన్నలకు దూరమయ్యే సీను వచ్చేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది. కాసేపటికి లేచి వరండాలోకి పోయి ఇంటికి ఫోన్ కలిపాడు. ఆయన ఊరికి పోయి మూడేళ్లయింది.

నలభై దాటిన మనిషిని, రోజంతా ఎండలో స్టీలు పని చేయించే ఫోర్‌మన్‌ని, ఒక మాట్లాడే సింహం పిల్ల కూర్చోనివ్వలేదు. నిజానికి మనకు ఇది కొత్త కాదు. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లో పావురాల రాజు చిత్రగ్రీవుడు, వల కొరికి విడిపించిన ఎలుక హిరణ్యకుడు మనకు బడిలోనే పరిచయం. కానీ తెర మీద ఎలుక చేత మాట్లాడించి, పిల్లలతో పాటు పెద్దల్ని కూడా కూర్చోబెట్టిన మనిషి వాల్ట్ డిస్నీ. పేరు అందరికీ తెలుసు. ఆయన బతుకు మాత్రం మన బతుకులకు ఎంత దగ్గరో చదివాక గానీ నాకు తెలియలేదు.

ఊరూరా తిరిగిన కుటుంబం

వాల్ట్ 1901 డిసెంబరు 5న అమెరికాలోని షికాగోలో పుట్టాడు. తండ్రి ఎలియాస్ కెనడా నుంచి వచ్చినవాడు. మన లైనే, వడ్రంగి. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన కట్టడాల్లో పని చేశాడు. వాల్ట్ పుట్టిన ఇల్లు కూడా ఆయన చేత్తో కట్టిందే. దానికి ప్లాను గీసింది తల్లి ఫ్లోరా.

ఎలియాస్ ఎక్కడా నిలదొక్కుకోలేదు. 1906లో మిస్సోరీ రాష్ట్రంలోని మార్సెలీన్ అనే చిన్న ఊళ్లో పొలం కొన్నాడు. అక్కడి పందులు, బాతులు, గుర్రాలే వాల్ట్‌కు స్నేహితులు. పక్కనుండే ముసలి డాక్టరు తన గుర్రం బొమ్మ గీయించుకుని చిల్లర చేతిలో పెట్టాడట. ఆ సంతోషం నాలుగేళ్లే. తండ్రి ఆరోగ్యం దెబ్బతిని, పొలం అమ్మేసి, 1911లో కాన్సాస్ సిటీ చేరారు.

అక్కడ ఎలియాస్ పేపర్లు వేసే లైను కొన్నాడు. తొమ్మిదేళ్ల వాల్ట్, అన్న రాయ్ తెల్లవారుజామున మూడున్నరకే లేవాలి. మంచు మోకాళ్ల దాకా ఉన్నా ప్రతి ఇంటి గుమ్మంలో పేపరు పెట్టాలి. ఆరేళ్లు అదే పని. కొడుకు కదా అని తండ్రి జీతం ఇవ్వలేదు. ఏదో ఒక ఇంటికి పేపరు వేయడం మరిచిపోయినట్టు పెద్దయ్యాక కూడా ఆయనకు పీడకలలు వచ్చేవట. నాలుగింటికి క్యాంపు బస్సు ఎక్కే మనకు ఆ కల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఊళ్లో పండుకున్నా బస్సు పోయినట్టే కల వస్తది.

1918లో మొదటి ప్రపంచ యుద్ధం. వయసు చాలకపోతే పుట్టిన సంవత్సరం దిద్ది రెడ్‌క్రాస్‌లో డ్రైవరుగా చేరాడు. ఫ్రాన్స్ చేరేసరికి యుద్ధమే అయిపోయింది. 1919లో తిరిగొచ్చి బొమ్మలు గీసే పని వెతుక్కున్నాడు.

పోగొట్టుకున్న కుందేలు

కాన్సాస్ సిటీలో ఆయనకు అబ్ ఐవర్క్స్ అనే కుర్రాడు దొరికాడు. గీతలో వాల్ట్ కంటే గట్టివాడు. ఇద్దరూ కలిసి చిన్న దుకాణం పెట్టారు, నడవలేదు. 1922లో వాల్ట్ ‘లాఫ్ ఓ గ్రామ్’ అనే బొమ్మల సినిమా కంపెనీ పెట్టాడు. కొన్నవాళ్లు డబ్బులు ఎగ్గొట్టారు. అద్దె కట్టలేక ఆఫీసులోనే పడుకుని, స్నానానికి రైల్వే స్టేషన్‌కు పోయిన రోజులు అవి. 1923లో దివాలా తీసి, జేబులో 40 డాలర్లతో రైలెక్కి హాలీవుడ్ పోయాడు. అన్న రాయ్ అప్పటికే క్షయతో అక్కడి ఆసుపత్రిలో ఉన్నాడు. బాబాయి దగ్గర 500 డాలర్లు అప్పు తీసుకుని అన్నదమ్ములిద్దరూ 1923 అక్టోబరులో స్టూడియో మొదలుపెట్టారు. అందులో రంగులు, సిరా పని చేసే లిలియన్‌ను 1925లో వాల్ట్ పెళ్లి చేసుకున్నాడు.

1927లో ‘ఆస్వల్డ్’ అనే కుందేలు బొమ్మ బాగా ఆడింది. మరుసటి ఏడాది రేటు పెంచమని అడగడానికి వాల్ట్ న్యూయార్క్ పోయాడు. పంపిణీదారు చార్లెస్ మింట్జ్ పెంచకపోగా తగ్గిస్తానన్నాడు. అంతేకాదు, వాల్ట్ దగ్గర పని చేసే ఆర్టిస్టుల్లో చాలామంది చేత అప్పటికే రహస్యంగా తన కంపెనీకి సంతకాలు పెట్టించుకున్నాడు. కాగితాలు తిరగేస్తే కుందేలు మీద హక్కు వాల్ట్‌ది కానే కాదు, యూనివర్సల్ కంపెనీది.

ఇక్కడ ఒక మాట. నేను సివిల్ డిప్లొమా చేసి వచ్చినవాణ్ణి. ఏజెంటు చూపించిన కాగితంలో సూపర్‌వైజర్ అని ఉంది. దిగాక చూస్తే వీసాలో హెల్పర్ అని ఉంది. అది సరిచేసుకోవడానికి రెండేళ్లు పట్టింది. నాది నేనే చదవకుండా పెట్టిన సంతకం. అందుకే వాల్ట్ ఆ రోజు ఎట్లా ఉండి ఉంటాడో నాకు అర్థమైంది. ఆయన మాత్రం అప్పటి నుంచి చచ్చేదాకా తన బొమ్మ మీద హక్కు ఎవరికీ వదల్లేదు. ఆ కుందేలు తిరిగి డిస్నీ కంపెనీకి వచ్చింది 2006లో, అంటే ఆయన పోయిన 40 ఏళ్లకు.

గొంతు వచ్చిన ఎలుక

కుందేలు పోయింది, ఎలుక వచ్చింది. పేరు మొదట మార్టిమర్ అనుకున్నారు, లిలియన్‌కు నచ్చక మిక్కీ అయ్యింది. ఆ ఎలుకకు రూపం ఇచ్చింది అబ్ ఐవర్క్స్. మొదటి సినిమాకు ఆయన ఒక్కడే కూర్చుని రోజుకు 700 దాకా బొమ్మలు గీశాడని చెబుతారు. కాబట్టి మిక్కీని వాల్ట్ ఒక్కడే చేశాడు అనేది సగం నిజం. అబ్ చేతులు ఇచ్చాడు, వాల్ట్ గొంతు ఇచ్చాడు. దాదాపు 1947 దాకా మిక్కీ మాట వాల్ట్ మాటే.

జంతువుల బొమ్మలు తెర మీద అంతకుముందు కూడా ఉన్నాయి. ఫెలిక్స్ అనే పిల్లి 1919 నుంచే పేరు మోసింది. కానీ అవి మూగ సినిమాలు. వాల్ట్ శబ్దాన్ని బొమ్మతో తాళం తప్పకుండా కలిపాడు. ‘స్టీమ్‌బోట్ విల్లీ’కి మొదటి రికార్డింగ్ పాడైంది. రెండోసారికి డబ్బులు చాలక తన కారు అమ్మేశాడు. 1928 నవంబరు 18న న్యూయార్క్‌లో ఆ సినిమా పడింది. ఎలుక ఈల వేసింది, జనం ఊగిపోయారు.

నిమిషానికి 1,440 ఫ్రేములు

ఈ పని ఎట్లా జరుగుతుందో చెబితే మన సైటు గుర్తొస్తుంది. సెకనుకు 24 ఫ్రేములు, నిమిషానికి 1,440. ముఖ్యమైన భంగిమలు పెద్ద ఆర్టిస్టు గీస్తాడు. ఆ రెండు భంగిమల మధ్య కదలికలను చిన్న ఆర్టిస్టులు నింపుతారు. తర్వాత ఆ గీతల్ని పారదర్శకమైన సెల్యులాయిడ్ షీట్ల మీదికి సిరాతో ఎక్కించాలి, వెనక నుంచి రంగు పూయాలి, ఒక్కొక్కటే కెమెరా కింద పెట్టి తీయాలి. సిరా, రంగు పని దాదాపు అంతా ఆడవాళ్లదే. గీసే కొలువు ఆ రోజుల్లో వాళ్లకు ఇచ్చేవాళ్లు కాదు. షట్టరింగ్, స్టీలు, కాంక్రీట్ లాగా వరస తప్పితే పని మొత్తం కూలుతుంది. ఫోటోలో మాత్రం ఇంజనీరే ఉంటాడు.

1933లో ‘త్రీ లిటిల్ పిగ్స్’ వచ్చింది. మూడు పంది పిల్లలు, ఇల్లు ఊది పడేసే తోడేలు. అమెరికాలో అప్పుడు మహా మాంద్యం, లక్షల మందికి పని లేదు. పిల్లలకు అది తోడేలు. పెద్దలకు వాకిట్లో నిలబడ్డ అప్పులవాడు. అందులోని పాటను దేశమంతా పాడుకున్నారు. ఇటుకతో గట్టిగా కట్టుకున్న పంది పిల్ల ఇల్లే నిలబడటం నాకు మరీ నచ్చింది. మరుసటి ఏడాది, 1934లో, కోపిష్టి బాతు డోనాల్డ్ వచ్చాడు.

ఆ తర్వాత వాల్ట్ గంటన్నర బొమ్మల సినిమా తీస్తానన్నాడు. పిచ్చి పని అని సినిమా వాళ్లంతా నవ్వారు. ఇల్లు తాకట్టు పెట్టి, బ్యాంకు అప్పు తెచ్చి, సుమారు 15 లక్షల డాలర్లతో ‘స్నో వైట్’ పూర్తి చేశాడు. 83 నిమిషాలంటే లెక్కకు సుమారు 1,20,000 ఫ్రేములు. 1937 డిసెంబరు 21న మొదటి ఆట. నవ్వినవాళ్లే అక్కడ కూర్చుని కళ్లు తుడుచుకున్నారు.

ఒక ఇల్లు, ఒక గేటు

ఆ డబ్బుతో అన్నదమ్ములు అమ్మానాన్నలకు నార్త్ హాలీవుడ్‌లో ఇల్లు కొనిచ్చారు. ఇల్లు వేడి చేసే గ్యాస్ కొలిమి సరిగా లేదు. స్టూడియో మనుషులు వచ్చి బాగుచేసి పోయారు గానీ లోపం పోలేదు. 1938 నవంబరులో ఆ విషవాయువుకు తల్లి ఫ్లోరా చనిపోయింది. ఆ సంగతి గురించి వాల్ట్ జీవితంలో ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. ఆ సినిమాల్లో తల్లులు చనిపోవడానికి ఇదే కారణమని కొందరు రాస్తారు. అది కుదరదు. ‘బాంబీ’ కథ 1923 నాటి పుస్తకంలోనే అట్లా ఉంది. ఒకటి మాత్రం మనం గుర్తుపెట్టుకోవాలి. చలికాలం మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకండి. ఆ వాయువుకు వాసన ఉండదు.

స్టూడియో పెద్దదైంది, బర్‌బ్యాంక్‌లో కొత్త బిల్డింగులు వచ్చాయి. దాంతో పాటు తేడాలూ వచ్చాయి. ఒకరికి వారానికి 300 డాలర్లయితే ఇంకొకరికి 20 కూడా లేదు. పై జీతం వాళ్లకు వేరే క్లబ్బు. తెర మీద చాలామంది పేర్లు పడవు. ‘స్నో వైట్’ లాభాల్లో వాటా వస్తుందని ఎదురుచూసినవాళ్లకు రాలేదు. యుద్ధం వల్ల ఐరోపా మార్కెట్ మూతపడి ‘పినోకియో’, ‘ఫాంటాసియా’ నష్టపోయాయి. 1940లో వచ్చిన సినిమాలవి. ఆర్ట్ బాబిట్ అనే పెద్ద ఆర్టిస్టు మంచి జీతం ఉండి కూడా కిందివాళ్ల పక్షాన యూనియన్‌లో నిలబడ్డాడు. వాల్ట్ ఆయన్ను తీసేశాడు. 1941 మే 29న వందల మంది గేటు బయట నిలబడ్డారు.

పేపర్లు వేసి జీతం అందుకోని పిల్లవాడే యజమాని అయ్యాక ఇట్లా ఎందుకు చేశాడు? ఇది నమ్మకద్రోహం అనే అనుకున్నాడు తప్ప, వాళ్ల వైపు నుంచి చూడలేకపోయాడు. ప్రభుత్వం మధ్యవర్తిత్వంతో యూనియన్‌కు గుర్తింపు వచ్చింది, జీతాలు పెరిగాయి. వాల్ట్ ఆ సమయానికి దక్షిణ అమెరికా పర్యటనలో ఉన్నాడు. తండ్రి ఎలియాస్ చనిపోయింది కూడా అప్పుడే. అంత్యక్రియలకు రాలేకపోయాడు. ఆ కోపం ఆయనకు చల్లారలేదు. 1947లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు సమ్మె కమ్యూనిస్టుల కుట్ర అని చెప్పి, కొందరి పేర్లు కూడా చెప్పాడు. గొప్పవాడి కథ రాసేటప్పుడు ఇది దాచకూడదు.

మొహాలు లేని కూలీలు

సమ్మె నడుస్తుండగా తయారై 1941 అక్టోబరులో వచ్చింది ‘డంబో’. 64 నిమిషాలే. ఖర్చు పది లక్షల డాలర్ల లోపే. పెద్ద చెవుల ఏనుగు పిల్ల కథ. చుట్టూ అందరూ మాట్లాడతారు, డంబో మాత్రం ఒక్క మాట మాట్లాడడు. పిల్లను ఏడిపించినవాళ్ల మీద తిరగబడినందుకు తల్లిని పిచ్చి ఏనుగని బండిలో బంధిస్తారు. రాత్రి పిల్ల వస్తే, ఆమె ఊచల్లోంచి తొండం బయటికి చాపి, దాని మీదే పిల్లను ఊపుతుంది. మొహాలు ఒకరికొకరికి కనబడవు. తాకడం ఒక్కటే. మనం ఫోన్ తెర మీద వేలు పెట్టి పిల్లల బుగ్గ తాకడం లాంటిదే అది, వేరే వివరణ అక్కర్లేదు.

ఇదే సినిమాలో ఇంకో సీను ఉంది. రాత్రి, వాన, సర్కస్ డేరా లేపే కూలీలు. నల్లజాతి మనుషులు. సమ్మెటతో గూటాలు కొడతారు, తాళ్లు లాగుతారు. ఏనుగులకు కళ్లు, కన్నీళ్లు అన్నీ గీసిన ఆర్టిస్టులు ఈ మనుషులకు మొహాలు గీయలేదు. పైగా వాళ్ల చేతే వచ్చిన జీతం విసిరేసే వాళ్లమని పాడించారు. ఇందులో కాకుల పాత్రల మీద కూడా ఇలాంటి విమర్శే ఉంది. జీతం పెంచమని అడగబోయే జోకర్ల సీను సమ్మెదారుల మీద ఎగతాళి అంటారు. జంతువుకు మనసు ఇవ్వగలిగిన చెయ్యి పక్క మనిషికి మొహం ఇవ్వలేదు. నాలుగుసార్లు చూశాక గానీ ఇది నాకు కనబడలేదు. మర్నాడు సైటులో హాజరు పిలిచేటప్పుడు నంబర్లతో కాకుండా పేర్లతో పిలిచాను.

జింకపిల్ల వెనక వలస కుర్రాడు

1942లో వచ్చిన ‘బాంబీ’ కోసం నిజం జింకపిల్లల్ని స్టూడియోకు తెచ్చి పెంచారు. ఎముకలు, కండరాలు ఎట్లా కదులుతాయో ఆర్టిస్టులకు పాఠాలు చెప్పించారు. చిక్కు ఎక్కడంటే, జింక మొహంలో నవ్వు, ఏడుపు ఎట్లా చూపించాలి? మార్క్ డేవిస్ అనే ఆర్టిస్టు మనుషుల పసిపిల్లల మొహాలు చూసి ఆ భావాలను జింకపిల్లకు పెట్టాడు. ఒళ్లు జింకది, చూపు పసిబిడ్డది. పెద్దవాళ్లు కరగడంలో రహస్యం ఇదే.

అడవి గీయడం ఇంకా కష్టమైంది. ఆకు ఆకూ గీస్తే జింక అందులో కనబడకుండా పోతోంది. దానికి దారి చూపించినవాడు టైరస్ వాంగ్. చైనాలో 1910లో పుట్టి, 1920లో తండ్రి వెంట వేరే పేరు మీద తయారైన కాగితాలతో అమెరికా వచ్చాడు. వలసదారుల్ని ఆపి విచారించే ఏంజెల్ ఐలాండ్‌లో తండ్రి లేకుండా ఒంటరిగా ఉన్నాడు. చైనాలో వదిలి వచ్చిన తల్లిని మళ్లీ ఎప్పుడూ చూడలేదు. 1938లో స్టూడియోలో అందరికంటే కింది కొలువులో చేరి, చైనా పద్ధతిలో పొగమంచు, వెలుతురుతో అడవి బొమ్మలు వేసి చూపించాడు. వాల్ట్‌కు అవి నచ్చాయి, సినిమా మొత్తం ఆ రంగుల్లోకి మారింది.

తల్లి కోసం జింకపిల్ల మంచులో వెతుక్కునే ఆ అడవికి రూపం ఇచ్చింది, తల్లిని వదిలి వచ్చిన ఆ కుర్రాడన్నమాట. ఆయన సమ్మెలో లేకపోయినా, సమ్మె తర్వాత ఉద్యోగం పోయింది. సినిమాలో పేరు నేపథ్య చిత్రకారుల్లో ఒకడిగా పడింది, అంతే. కంపెనీ ఆయన్ను గౌరవించింది 2001లో. 2016లో, 106 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఏడాదిలో కట్టిన ఊరు

యుద్ధకాలమంతా సైన్యానికి సినిమాలు, నెత్తిన లక్షల డాలర్ల అప్పులు. 1950లో ‘సిండరెల్లా’ గట్టెక్కించింది. అందులోనూ జనం నోట మిగిలింది మాట్లాడే ఎలుకలే. ఆ తర్వాత వాల్ట్ మన లైనులోకి వచ్చాడు. అనాహైమ్‌లో 160 ఎకరాల నారింజ తోటలు కొని, 1954 జులైలో పని మొదలుపెట్టి, 1955 జులై 17న డిస్నీలాండ్ తెరిచాడు. ఖర్చు 1.7 కోట్ల డాలర్లు. జీవిత బీమా మీద కూడా అప్పు తెచ్చాడు.

ప్రారంభం రోజు సంగతి చదివితే సైటు మనుషులకు నవ్వొస్తుంది. ప్లంబర్ల సమ్మె వల్ల తాగే నీళ్ల పంపులైనా ఉండాలి, టాయిలెట్లయినా ఉండాలి, రెండూ అయ్యేలా లేదు. వాల్ట్ టాయిలెట్లే అన్నాడు. అప్పుడే వేసిన తారు ఎండకు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి. దొంగ టికెట్లతో జనం రెట్టింపయ్యారు. అయినా కొన్ని వారాల్లో అన్నీ సర్దుకున్నాయి. హ్యాండోవర్ రోజు ఎక్కడైనా హ్యాండోవర్ రోజే.

చివరి సినిమా మన అడవిది

ఆయన చేయి పడిన చివరి బొమ్మల సినిమా ‘జంగిల్ బుక్’. బొంబాయిలో పుట్టిన కిప్లింగ్ 1894లో వేసిన పుస్తకం అది. కథ జరిగేది ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని సియోనీ అడవుల్లో. ఎలుగుబంటి బలూ పేరు హిందీ భాలూయే. 1990ల్లో ఆదివారం పూట దూరదర్శన్‌లో విమానం నడిపిన బలూను చూసి పెరిగిన వయసు నాది. ఆ బలూకు మూలం ఈ సినిమానే.

అది పూర్తయ్యేదాకా వాల్ట్ లేడు. కుర్రతనం నుంచి సిగరెట్ మీద సిగరెట్. 1966 నవంబరులో ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది. డిసెంబరు 15న, 65 నిండిన పది రోజులకు, స్టూడియో ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో పోయాడు. శవాన్ని మంచులో దాచారనేది ఉత్త పుకారు. దహనం చేశారు. ‘జంగిల్ బుక్’ 1967లో వచ్చింది. రిటైర్ కావలసిన అన్న రాయ్ ఆగి, ఫ్లోరిడాలో తమ్ముడు మొదలుపెట్టిన పార్కును 1971 అక్టోబరులో తెరిచి, దానికి ఇంటిపేరు ఒక్కటే చాలదు, వాల్ట్ డిస్నీ వరల్డ్ అని నిండు పేరే ఉండాలని పట్టుబట్టాడు. ఆ డిసెంబరులోనే ఆయనా పోయాడు.

‘స్టీమ్‌బోట్ విల్లీ’ నాటి మిక్కీ మీద అమెరికాలో కాపీరైట్ 2024 జనవరి 1తో తీరిపోయింది. ఆ ఎలుక ఇప్పుడు అందరిదీ.

మొన్న శుక్రవారం నిర్మల్ అన్న ఊళ్లో ఉన్న కూతురితో కలిసి ‘డంబో’ చూశాడు. మనకు సాయంత్రం ఆరున్నర, వాళ్లకు రాత్రి తొమ్మిది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు, ఫోన్ పక్కన ఆన్‌లోనే ఉంది. డేరా సీను దగ్గర ఆ పాప ఆ మనుషులు ఎవరు నాన్నా అని అడిగిందట. నాలాంటోళ్లు బిడ్డా అని చెప్పాడట. మీకూ వీలైతే అట్లా చూడండి. సినిమా అయిపోయాక పేర్లు పడుతుంటే వెంటనే కట్టేయకండి.